బాలసారె: పసివాని చేతికి ఏ బొమ్మ?

ఏటా కార్తీక బ్రహ్మోత్సవాల చివరి దినాన తిరుచానూరు పెండ్లివారి ఇల్లు వలె కళకళలాడుతుంది. పంచమీతీర్థం అని పేరుగల ఆ దినాన తిరుమల కొండమీది స్వామివారు పద్మావతీ అమ్మవారికి సారె పంపుతారు. పట్టుచీర, పసుపు, కుంకుమ, ప్రసాదాలు మేళతాళాలతో కొండ దిగి, తిరుపతి వీధులలో ఏనుగుమీద ఊరేగి, అలమేలుమంగాపురం అని కూడ పిలువబడే ఈ తిరుచానూరు చేరుతాయి. పద్మసరోవరంలో చక్రస్నానం జరిగే వేళకు వేలాది భక్తులు మునక వేస్తారు.

ఈ సారెలో గమనింపదగిన విశేషం ఒకటి ఉన్నది. అందులోని వస్తువులు పంపేవారి కలిమిని చాటడానికి ఏర్చినవి కావు. పుచ్చుకొనేవారికి ఏమి తగునో తెలిసి కూర్చినవి. ఆడపడుచుకు పంపే సారె ఏదైనా అంతే. చీర కట్టుకొనడానికి, పసుపు పూసుకొనడానికి, పిండివంటలు ఇరుగుపొరుగులకు పంచుకొనడానికి. సారె అనే మాటకు పరమార్థం తగినతనమే.

పసిబిడ్డకు కూడ తెలుగువారు సారె ఏర్పరచినారు. దాని పేరు బాలసారె. వాడుకలో ఉన్న బారసాల అనే మాట దీనినుండి వచ్చినదే అంటారు. ఉయ్యాలలో వేసి పేరు పెట్టే ఆ వేడుకకు అవ్వ ఉగ్గుగిన్నె తెస్తుంది, మేనమామ మొలతాడో గిలకో తెస్తాడు. కాని నోరువిప్పి అడుగలేని, వద్దని చెప్పలేని ఆ చిన్ని ప్రాణికి నిజముగా ఏది తగును? ఈ ప్రశ్నను తీరికగా ఆలోచించేవారు తక్కువ.

బ్రహ్మోత్సవాలు నవంబరు, డిసెంబరు మాసాలలో వస్తాయి. తిరునాళ్ళ అంగళ్ళలో బుడగలు, గిలకలు, చెక్కబొమ్మలు, లక్కపిడతలు కుప్పలుగా ఉంటాయి. కొద్ది వారాలు గడిచేసరికి తిరుపతిలోని క్రైస్తవుల ఇండ్లముందు కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. అదే పట్టణపు అంగళ్ళలో క్రిస్మసు కానుకల బేరాలు సాగుతాయి. పండుగ వేరు కావచ్చును, కాని బొమ్మల ముందు నిలబడిన మేనమామ అవస్థ ఒక్కటే. అంగడివాడు అడిగేది, “ఎంతలో కావాలి స్వామీ?” అని. అడుగవలసినది, “బిడ్డకు ఎన్ని నెలలు?” అని.

మూడు విధాల కానుకలు

క్రిస్మసు కానుకల కథయే ఒక శిశువుతో మొదలవుతుంది. తూర్పుదేశపు జ్ఞానులు బెత్లెహేములోని బాలునికి బంగారం, సాంబ్రాణి, బోళం సమర్పించినారని బైబిలు చెబుతున్నది. బంగారం రాజత్వానికి, సాంబ్రాణి దైవత్వానికి, బోళం మరణానికి గుర్తులని సంప్రదాయజ్ఞులు వ్యాఖ్యానించినారు. అవి ఆ శిశువు మహిమను తెలిపే కానుకలు, ఆటవస్తువులు కావు. సామాన్యుల ఇండ్లలో పుట్టిన పిల్లలకు ఇచ్చే కానుకకు కొలబద్ద వేరుగా ఉండవలెను.

ఆ కొలబద్దను వెదకినవారిలో జర్మనుదేశపు విద్యావేత్త ఫ్రెడరిక్ ఫ్రోబెల్ (1782–1852) అగ్రగణ్యుడు. ఉపాధ్యాయ శిక్షణ పొందిన ప్రతివారికి ఆయన పేరు పరిచితమే. శిశువుల కోసం తాను రూపొందించిన ఆటవస్తువులకు ఆయన పెట్టిన పేరు ‘కానుకలు’. మొదటి కానుక ఉన్నితో అల్లిన ఆరు రంగుల మెత్తని బంతులు. రెండవది చెక్కతో చేసిన గోళం, స్తూపం, ఘనం. పసివాని పిడికిట ఇమిడేది, తగిలినా నొప్పించనిది, దొర్లినపుడు చూపును వెంట తీసుకొనిపోయేది మొదట. ఆకారాల భేదం చూపేది తరువాత. ఇంతకన్న ఆడంబరం ఆయన కోరలేదు. ఇవ్వడంలోనే ఒక క్రమం ఉండవలెననీ, ఆ క్రమాన్ని నిర్ణయించేది శిశువు ఎదుగుదల అనీ ఆయన గ్రహించినాడు. బాలసారెకు, ఫ్రోబెల్ కానుకకు చుట్టరికం ఇక్కడనే.

శిశువు నోటితో చదువుతాడు

పెద్దలు వస్తువును కంటితో చూచి తెలిసికొంటారు. శిశువు మొదట నోటితో తెలిసికొంటాడు. చేతికి అందినది నోటికి పోవడం చెడ్డ అలవాటు కాదు. అది వాని పరిశోధన. గట్టిదా, మెత్తనిదా, చల్లనిదా, గరుకుదా అని పెదవులు, నాలుక చెప్పినంత స్పష్టంగా ఆ వయసులో వేళ్ళు చెప్పలేవు. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు జాన్ పియాజే (1896–1980) తన ముగ్గురు పిల్లలను ఏండ్ల తరబడి గమనించి, మొదటి రెండేండ్ల తెలివి అంతా చేతలలో, ఇంద్రియాలలో ఉంటుందని నిరూపించినాడు.

అందుచేత పసివానికి ఇచ్చే ప్రతి బొమ్మ ఒకవిధంగా వానికి పెట్టే తిండియే. ఈ సత్యం మరచినందువల్లనే పండుగ ఇంట విషాదం సంభవిస్తుంది. ఊడివచ్చిన బొమ్మకన్ను, గజ్జెనుండి రాలిన మువ్వ, పగిలిన గిలకలోని గులకరాయి చాలు, చిన్నారి ఊపిరి ఆపడానికి. పగిలిన బుడగ ముక్క మరీ ప్రమాదం. మెత్తగా సాగి గొంతును మూసివేస్తుంది. వెలుగుతూ, పాడుతూ తిరిగే బొమ్మలలోని బిళ్ళవంటి బ్యాటరీ అన్నిటికన్న ఘోరమైనది. మ్రింగినపుడు అది అన్నవాహికలో చిక్కుకొంటే రెండు గంటలలోనే తీవ్రంగా కాల్చివేయగలదు. అటువంటి అనుమానం కలిగినపుడు క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి పరుగెత్తవలెను.

నెలలను బట్టి కానుక

పుట్టిన బిడ్డకు దాదాపు ఇరవై, ముప్పై సెంటీమీటర్ల దూరమే స్పష్టంగా కనిపిస్తుంది. పాలిచ్చే తల్లి ముఖానికి, బిడ్డ కన్నులకు నడుమ ఉండే దూరం అదే. లేతరంగులకన్న నలుపు తెలుపుల వంటి గాఢమైన తేడాలు ఆ చూపుకు ఆనుతాయి. కాబట్టి మొదటి మూడు నెలలలో బొమ్మ అక్కరలేదన్నా తప్పు లేదు. అవ్వ తన పాతచీరతో కుట్టిన మెత్తని బొంత, తల్లికి కొంత విశ్రాంతి, ఒక జోలపాట ఆ వయసుకు తగిన సారె.

మూడవ నెల దాటిన తరువాత చేయి చాచడం మొదలవుతుంది. గిలక పట్టుకొనే కాలమిది. గిలక తేలికగా ఉండవలెను. ఏలననగా పట్టు కుదరని చేయి దానిని ముఖంమీదనే వేసికొంటుంది. పిడి సన్నంగా, తల పెద్దదిగా, ఒకే ముక్కగా ఉన్నది మేలు. వెండిగిలక అందంగా ఉంటుంది కాని, దానికి వ్రేలాడే చిరుమువ్వలను ఒకటికి రెండుసార్లు లాగి చూడక ఇవ్వరాదు.

ఆరు నెలలకు బిడ్డ ఒక చేతిలోని వస్తువును మరొక చేతికి మార్చుకొంటాడు, ఊతంతో కూర్చుంటాడు. అన్నప్రాశనం జరిగే తరుణం కనుక గిన్నె, చెంచా నిజమైన ఆటవస్తువులవుతాయి. గుడ్డబంతి, ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలు ఏడాది నిండేవరకు విసుగు పుట్టింపవు. ఎనిమిది, తొమ్మిది నెలలలో వస్తువు కంటికి కనబడకపోయినా ఎక్కడో ఉన్నదనే జ్ఞానం స్థిరపడుతుంది. కొంగు చాటున ముఖం దాచి ‘బూ’ అనే ఆటకు బిడ్డ పకపక నవ్వేది ఆ జ్ఞానం కలిగినందుకే. గుడ్డకింద బంతి దాచి వెదకించడం ఆ నెలలకు సరిపడిన పాఠం.

ఏడాది ప్రాంతాన అడుగులు పడతాయి. నిలబడి త్రోసుకొంటూ నడిచే బరువైన చెక్కబండి మంచి కానుక. కాని బిడ్డను నడుమ కూర్చోబెట్టి చక్రాలమీద తిరుగనిచ్చే నడకకుర్చీ అట్టిది కాదు. అది నడకను తొందరపెట్టదు. మెట్లమీదనుండి పడద్రోసిన సందర్భాలు మాత్రం అనేకం. కెనడా ప్రభుత్వం 2004లో దాని అమ్మకాన్నే నిషేధించినది. ఈ వయసులో మందమైన అట్టపుటల పుస్తకం ఒకటి ఇవ్వవచ్చును. బిడ్డ దానిని కొరుకుతాడు, తలక్రిందులుగా పట్టుకొంటాడు; అయినా అది చదువుకు నాందియే.

రెండవ ఏడు నిండేసరికి ‘ఉత్తుత్తి’ ఆటలు ఆరంభమవుతాయి. ఖాళీ గిన్నెలో గరిట త్రిప్పి, బొమ్మకు తినిపించి, దానిని నిద్రపుచ్చే వేళ అది. తెలుగువారి లక్కపిడతలు ఈ వయసుకోసమే పుట్టినవా అన్నట్లు ఉంటాయి. నాలుగు చెక్కదిమ్మెలు, ఒక గుడ్డబొమ్మ, లావుపాటి రంగుకడ్డీలు వీనికి తోడైతే మూడేండ్ల వరకు లోటుండదు. అయితే పిడతలలో మరీ చిన్నవానిని ఏరి పైన పెట్టవలెను. ఎంత చిన్నవి అనే ప్రశ్నకు బడిపిల్లలే సమాధానం చెప్పగలరు.

పది సెంటీమీటర్ల కొలత

మూడేండ్లలోపు పిల్లల బొమ్మలను పరీక్షించడానికి ప్రయోగశాలలలో ఒక చిన్న గొట్టం వాడుతారు. దాని వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. ఎటు త్రిప్పి పెట్టినా నొక్కకుండ అందులో పూర్తిగా ఇమిడిపోయిన వస్తువు ఆ వయసు పిల్లలకు పనికిరాదు. బంతుల విషయంలో కట్టుదిట్టం మరింత ఎక్కువ, 44.5 మిల్లీమీటర్ల వలయంలోనుండి దూరిపోయే బంతిని ఇవ్వరాదు.

ఈ కొలతలకు ప్రయోగశాల అక్కరలేదు. వ్యాసాన్ని ‘పై’తో గుణిస్తే చుట్టుకొలత వస్తుందని ఉన్నతపాఠశాల విద్యార్థికి తెలుసు. మొదటిదానికి దాదాపు 10 సెంటీమీటర్లు, రెండవదానికి దాదాపు 14 సెంటీమీటర్లు వస్తాయి. దళసరి అట్టను ఆ నిడివికి కత్తిరించి, కొసలు ఒకదానిమీద ఒకటి ఎక్కకుండ ఆనించి అతికిస్తే రెండు వలయాలు సిద్ధం. తరగతిలో ఒక గంట చాలు. ఇంటికి పోయి తమ్ముని బొమ్మలన్నింటిని ఆ వలయాలలో పెట్టి చూచిన విద్యార్థి ఆనాటి గణితపాఠాన్ని జన్మలో మరువడు. గోలీకాయ, చింతగింజ, బిళ్ళబ్యాటరీ, బొమ్మబండి చక్రం ఎన్ని అందులో మాయమవుతాయో చూస్తే పెద్దలకు కూడ గుండె ఝల్లుమంటుంది.

వలయపరీక్ష తరువాత మరి మూడు పరీక్షలు అంగడిలోనే చేయవచ్చును. కన్ను, ముక్కు, చక్రం, మువ్వ వీనిని గట్టిగా లాగి చూడడం మొదటిది. జానెడుకు మించిన తాడు ఉన్నదేమో చూడడం రెండవది. పొడుగు తాడు మెడకు చుట్టుకొంటుంది. తడిపిన తెల్లగుడ్డతో తుడిచి రంగు అంటుతున్నదేమో చూడడం మూడవది. అయితే రంగు అంటకపోవడం మాత్రమే రంగు మంచిదనడానికి సాక్ష్యం కాదు. పూర్వం చిత్రకారులు వాడిన సిందూరం సీసపు ఆక్సైడు. పసుపుపచ్చని రంగులు కొన్నింటిలో కూడ సీసం ఉంటుంది. పిల్లల రక్తంలో సీసానికి ఇంతవరకు ఫరవాలేదు అనదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. అది మెదడు ఎదుగుదలను చాటుగా దెబ్బతీస్తుంది. ఇంటిరంగులలో సీసం పదిలక్షలలో 90 వంతులకు మించరాదని భారతప్రభుత్వం 2016లో నియమం చేసి, 2017 నవంబరునుండి అమలుపరచినది.

బొమ్మల విషయంలో ప్రత్యేకమైన ఆజ్ఞ 2020లో వెలువడి, 2021 జనవరి 1నుండి అమలులోకి వచ్చినది. దీని ప్రకారం పదునాలుగేండ్లలోపు పిల్లల బొమ్మలకు భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర ఉండవలెను. ఐతే హస్తకళల అభివృద్ధి కమిషనరు వద్ద నమోదైన శిల్పులు చేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు మినహాయింపు ఇచ్చినారు. పేదశిల్పి ప్రయోగశాల ఖర్చు భరింపలేడు కనుక ఆ మినహాయింపు న్యాయమే. కాని అటువంటి బొమ్మ కొనేటప్పుడు ముద్ర చేయవలసిన పని కొనేవాని కన్ను చేయవలసి ఉన్నది.

చెక్కబొమ్మలలో తారతమ్యం

తిరుపతి ప్రాంతానికి చెక్కబొమ్మ కొత్త కాదు. శేషాచలం అడవులలో పెరిగే ఎర్రచందనంతో చెక్కిన రాజారాణీల జంట ఒకప్పుడు యాత్రికులు ఇంటికి కొనిపోయే ముద్దుల వస్తువు. బొమ్మలకొలువులో నిలబెట్టి, మిగిలిన దినాలలో పిల్లలు చీర చుట్టి ఆడుకొనేవారు. పైన రంగు లేదు, అతుకు లేదు, ఊడే భాగం లేదు; ఒకే చెక్కనుండి తీసిన రూపం. పసివాని కానుకకు ఉండవలసిన లక్షణాలు ఆ శిల్పులకు ఏ ఆజ్ఞా చెప్పకుండానే తెలుసును. నేడు ఆ వృక్షం అరుదైనది. 1995నుండి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణలో ఉన్నది. అంగడిలో ఎర్రగా కనిపించిన ప్రతి బొమ్మా ఎర్రచందనం కాదు. ఎర్రరంగు పూసిన వేరుచెక్క కావచ్చును. తడిగుడ్డ పరీక్ష అక్కడ మరింత అవసరం.

కొండపల్లి బొమ్మ చూడముచ్చటైనది. తేలికైన తెల్లపొణికి చెక్కను ముక్కలుగా చెక్కి, చింతగింజల పిండితో చేసిన మక్కుతో అతికి, రంగులు వేస్తారు. అది కొలువులో ఉండదగినది. ఏడాది బిడ్డ కొరుకదగినది కాదు. అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక బొమ్మ తీరు వేరు. అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరిగే చెక్కకు రంగులక్కను ఒత్తితే ఆ ఒరిపిడి వేడికి లక్క కరిగి చెక్కను పట్టుకొంటుంది. గింజలు, బెరడు, వేళ్ళు, ఆకులనుండి తీసిన రంగులను అక్కడ పునరుద్ధరించిన సి. వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించినది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. అంచులు గుండ్రంగా, నునుపుగా ఉండే ఆ గిలకలు, దొర్లుడు బొమ్మలు చిన్నపిల్లలకు చక్కగా ఒప్పుతాయి. చెట్ల రంగులేనా అని అడిగి కొనడం మాత్రం కొనేవారి వంతు.

మాటలాడే బొమ్మ, మాటలాడే మనిషి

ఖరీదైన కానుక మంచి కానుక అనే భ్రమ పట్టణాలనుండి పల్లెలకు ప్రాకినది. మీట నొక్కగానే అక్షరాలు చెప్పి, పాటలు పాడే బొమ్మ కొన్నవారు బిడ్డకు చదువు కొన్నామనుకొంటారు. అమెరికాలోని ఉత్తర అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకురాలు ఆనా సోసా పది నుండి పదహారు నెలల పిల్లలున్న 26 జంటలను వారి ఇండ్లలోనే పరిశీలించి, 2015 డిసెంబరులో ఫలితాలు ప్రకటించినది. తల్లి లేదా తండ్రి బిడ్డతో మూడు విధాల వస్తువులతో ఆడినారు: మీటల బొమ్మలు, చెక్కదిమ్మెల వంటి మామూలు బొమ్మలు, పుస్తకాలు. మీటల బొమ్మలు ఉన్నపుడు పెద్దల మాటలు తగ్గినవి. బిడ్డ పలుకులు కూడ తగ్గినవి. పుస్తకం చేతనున్నపుడు పెద్దల మాటలు అన్నిటికన్న హెచ్చినవి. పరిశీలన చిన్నదే. కాని అది చెప్పిన సంగతి ఏ అవ్వకైనా తెలిసినదే: బొమ్మ మాటలాడితే మనిషి ఊరకుంటాడు, బొమ్మ ఊరకుంటే మనిషి మాటలాడుతాడు. బిడ్డకు మాటలు వచ్చేది మనిషినుండి.

ఈ దృష్టితో చూస్తే బీదయింటి బాలసారె వెలవెలబోనక్కరలేదు. నూరు రూపాయలు పెట్టలేని అక్క తన పాతలంగా గుడ్డతో కుట్టిన బంతి ఫ్రోబెల్ మొదటి కానుకకు ఏమాత్రం తీసిపోదు. ఆ బంతిని దొర్లించి, “అదిగో పోయింది, ఇదిగో వచ్చింది” అని పది నిమిషాలు పలుకరిస్తే దాని విలువ ఇబ్బడి ముబ్బడి అవుతుంది. ఇచ్చేవాని జేబు కాదు, పుచ్చుకొనేవాని నెలలు లెక్కింపవలెనన్న సారె ధర్మం ఇదే.

తిరుచానూరు అమ్మవారిని తనివితీర కీర్తించిన తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408–1503) లాలిపాటలు, జోలపాటలు కూడ రచించినాడు. లోకాలను ఏలే స్వామిని సైతం ఉయ్యాలలో వేసి పాడవలెననిపించినది ఆ మహాకవికి. అంగడిలో ఏ బొమ్మా నచ్చక ఉత్తచేతులతో ఇంటికి వచ్చిన మేనమామకు ఇది ఊరట. ఉయ్యాల ప్రక్కన కూర్చుండి, ఇరవై ముప్పై సెంటీమీటర్ల దూరానికి వంగి, వచ్చినంత రాగంతో పాడితే చాలును. దానికి వలయపరీక్ష అక్కరలేదు. పంచమీతీర్థం నాడైనా, క్రిస్మసు నాడైనా బిడ్డ ముందుగా పుచ్చుకొనే కానుక అదే.